ఊపిరి మాది, మాట ఎవరిది?

పెళ్లిళ్ల కాలం వస్తే మా తాత ఇంట్లో వుండేవాడు కాదు. పీకల డబ్బీ చొక్కా జేబులో, సన్నాయి గుడ్డసంచిలో పెట్టుకుని, వెనకాల డోలు మోసుకుంటూ మా చినతాత రాగా, తెల్లారుజాము బస్సెక్కి పోయేవాడు. మాఘమాసం ముహూర్తాలు, శ్రావణమాసం ముహూర్తాలు మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. రంజాన్ ఎప్పుడొస్తుందో పక్కింటివాళ్లని అడిగి తెలుసుకునేవాళ్లం. మేం దూదేకులోళ్లం. ఉర్దూ రాదు. నానీ అనం, అమ్మమ్మ అంటాం. అబ్బా అనం, నాయనా అంటాం.

తాళి కట్టే వేళ గట్టిమేళం మోగాలి. ఆ నిమిషాన పురోహితుడి మంత్రం కూడా ఎవరికీ వినపడదు. ఒక సాయిబు ఊపిరి మాత్రమే పందిరంతా నిండి వుంటుంది. ఆ ఊపిరి లేకపోతే ఆ పెళ్లి పెళ్లి కాదు. అంతా అయ్యాక భోజనాల దగ్గర ఆ సాయిబుకి విస్తరి వేరేచోట. మా తాత ఇంటికొచ్చి విస్తరి సంగతి ఎన్నడూ చెప్పలేదు. కళ్యాణి ఎంతసేపు వాయించాడో, ఎవరు తల ఊపారో అదే చెప్పేవాడు.

సంగీతానికీ రచనకూ వున్న సంబంధం గురించి రాయమంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆ వేరే విస్తరి. తెలుగు విమర్శలో ఈ సంబంధం మీద చర్చ చాలా జరిగింది. పద్యాన్ని పాడాలా చదవాలా అన్నారు. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం' మాత్రాఛందస్సుని ఎట్లా నడిపించిందో లెక్కలు కట్టారు. 1958లో కుందుర్తి ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టాక, వచన కవితకు లయ వుందా లేదా అని ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. మంచిదే. కానీ ఈ చర్చలన్నిటి కిందా ఒక ధీమా వుంది. పాటా తమదే, రాతా తమదే, రెంటినీ ఎట్లా కలుపుకోవాలన్నదే సమస్య అన్న ధీమా. ఒక సమాజం దగ్గర నాదం తీసుకుని, దాని మాటని గుమ్మం బయట నిలబెడితే, ఆ సమాజం రాసే రాతకి ఏమవుతుంది? ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం వాళ్లకి రాలేదు.

షేక్ చిన మౌలానా పేరు చెప్పకుండా ఈ మాట ముందుకి సాగదు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టాడు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చాడు. తంజావూరు బాణీ కోసం తమిళదేశం పోయి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. ఆ మరుసటి ఏడాదే పోయాడు. ఆయన శిష్యులు కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. మా ప్రకాశం, గుంటూరు జిల్లాల దూదేకుల ఇళ్లల్లో ఈ పేర్లు ఇప్పటికీ ఒక రకమైన గర్వంతో పలుకుతారు. నేనూ అంతే గర్వంతో పలుకుతాను.

ఈ పేర్ల పక్కన ప్రతి పత్రికా ఒకే మాట అచ్చేస్తుంది: మతసామరస్యానికి ప్రతీక. ఈ మాట చూసినప్పుడల్లా నాకు అనుమానం. రోజుకి అయిదుసార్లు నమాజు చేసే మనిషి గుడిలో వాయించాడు, కాబట్టి సామరస్యం. మరి ఆయన వాయించడానికి ఏం అడ్డు రాలేదో ఎవరైనా ఆలోచించారా? నాదస్వరానికి మాటలుండవు. అందుకే అడ్డు రాలేదు. ఆయన త్యాగరాజ కీర్తన వాయిస్తుంటే వినేవాడి మనసులో సాహిత్యం దానంతట అదే నడుస్తుంది. ఆ సాహిత్యం వినేవాడిది. ఊదేవాడు ఊపిరి ఇచ్చాడు, మాటని వినేవాడు తన ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. ఆ ఏర్పాటులో ఊదేవాడు తన మాట ఒక్కటి కూడా చెప్పనక్కరలేదు. చిన మౌలానాకి రాముడి మీద భక్తి నిజం. శ్రీరంగనాథుడి మీద భక్తి నిజం. దాన్ని నేను శంకించడం లేదు. నేను అడిగేది వినేవాళ్ల గురించి. ఆయన నోరు తెరిచి కరవదిలో తన ఇంటి కథ చెప్పి వుంటే ఆ సభ అంతే నిశ్శబ్దంగా కూచుని వినేదా?

వాద్యం దానంతట అది మూగది అని నా వాదం కాదు. కాశీలో ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ మొహర్రం ఎనిమిదో రోజున పాదరక్షలు లేకుండా వీధిలో నడుస్తూ షెహనాయి మీద నౌహా వాయించేవాడు. ఏడాదంతా కాశీ గుళ్లకీ, గంగకీ వాయించిన షెహనాయే అది. ఆ ఒక్కరోజు మాత్రం కర్బలా ఏడుపు ఏడ్చేది. వెంట నడిచేవాళ్లకి ఆ నౌహా మాటలు తెలుసు. కాబట్టి అక్కడ షెహనాయి మాట్లాడింది. వాద్యం ఎవరి కథ చెబుతుందన్నది చుట్టూ వినే జనం ఎవరన్నదాని మీద ఆధారపడి వుంటుంది. మా తాతకి అట్లా ఒక్కరోజు కూడా లేదు. ఆయన సన్నాయి మీద మా బతుకు మాటలు వినగలిగిన జనం ఆంధ్రదేశంలో తయారు కాలేదు. తయారు చేసే పాట మేం రాసుకోలేదు.

రాసుకోలేదా అంటే, ఒకాయన రాశాడు. దూదేకుల సిద్దయ్య. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు. కడప సీమలో తంబురా పట్టుకున్న ప్రతివాడికీ సిద్దయ్య తత్వాలు వచ్చు. ఇక్కడ దూదేకులవాడికి మాట దొరికింది, కానీ ఒక షరతు మీద దొరికింది. శిష్యుడిగా దొరికింది. వీరబ్రహ్మం కథ ఎవరు చెప్పినా సిద్దయ్యది ప్రశ్నలడిగే పాత్ర, జ్ఞానం పొందే పాత్ర, పరీక్షకి నిలబడే పాత్ర. అయినా తత్వానికి ఒక గుణం వుంది. చివరి చరణంలో కవి పేరు వుంటుంది. దాన్ని ముద్ర అంటారు. ఉర్దూ గజల్ చివరి షేర్‌లో కవి తన తఖల్లుస్ పెట్టుకుంటాడు. రెండూ ఒకే పని చేస్తాయి. కాగితం లేని చోట, వందల ఏళ్లు నోటి నుంచి నోటికి పోయే పాటలో, రాసినవాడి పేరు అరిగిపోకుండా కాపాడతాయి. పేరు పాటలో భాగమైపోతే దాన్ని పీకెయ్యాలంటే తాళం తప్పుతుంది. సిద్దయ్య పేరు మాకు మిగిలింది తాళం వల్లే అని నాకు గట్టి నమ్మకం. ఏ చరిత్రకారుడూ పనిగట్టుకుని కాపాడలేదు. సన్నాయికి ముద్ర లేదు. మా తాత వాయించిన దానిలో ఆయన పేరు ఎక్కడా లేదు.

ఇప్పుడు నాజర్ దగ్గరికి వస్తాను. ఈ వ్యాసమంతా ఆయన చుట్టూ తిరగాల్సింది.

షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. దూదేకుల ఇల్లు. శాస్త్రీయ సంగీతం నేర్చాడు. ప్రజానాట్యమండలిలోకి వచ్చాడు. పాత జంగంకథని బుర్రకథగా నిలబెట్టి ఊరూరా మోగించాడు. 'పల్నాటి యుద్ధం', 'బొబ్బిలి యుద్ధం', 'అల్లూరి సీతారామరాజు', 'బెంగాల్ కరువు'. 1986లో పద్మశ్రీ. 1997లో చనిపోయాడు. ఆయన్ని కళాకారుడంటారు, బుర్రకథ పితామహుడంటారు. కవి అనరు. తెలుగు సాహిత్య చరిత్రల్లో ఆయనకి ఎన్ని పేజీలిచ్చారో చూడండి. జానపద కళారూపాల అధ్యాయంలో తోలుబొమ్మలాటకీ యక్షగానానికీ మధ్య ఎక్కడో వుంటాడు. వేలమంది చేత రాత్రంతా మాట వినిపించినవాడు, ఆ మాట తనే కట్టుకున్నవాడు, కవి ఎందుకు కాలేదు? పాడాడు కాబట్టి. పాడినవాడిని సంగీతం వాళ్లకి అప్పగించి, సంగీతం వాళ్లేమో అది శాస్త్రీయం కాదని తిప్పి పంపించారు.

బుర్రకథ నిర్మాణం చూస్తే అది ఎంత తెలివైన రచనో తెలుస్తుంది. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేళ్లకి అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, చేతుల్లో డక్కీలు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. కథకుడు ఒక చరణం అనగానే ఇద్దరూ తందాన అందుకుంటారు. ఈ తందాన ఉత్త వంత అనుకుంటే పొరపాటు. అది కథకుడికి తరవాతి చరణం కట్టుకునే వ్యవధి ఇస్తుంది, వినేవాడికి విన్నదాన్ని మింగే వ్యవధి ఇస్తుంది. గతి మారినప్పుడు రసం మారుతుంది. నాలుగు మాత్రల నడకలో సైన్యం కదులుతుంది, మూడు మాత్రల్లోకి దిగితే గుర్రం పరిగెడుతుంది, వచనంలోకి జారితే తల్లి ఏడుస్తుంది. మధ్యలో హాస్యగాడు అడ్డుపడి, ఆనాటి బొబ్బిలి సరే, ఈనాటి సంగతేంటి అని అడుగుతాడు. అక్కడ రెండో వంత అందుకుని కరువు గురించీ, జమీందారు గురించీ, ఎమ్మెల్యే గురించీ చెబుతాడు. కావ్యం మధ్యలో లేచి ప్రశ్న వెయ్యడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకున్న ప్రక్రియ ఇంకేది వుంది తెలుగులో?

ఆ హాస్యగాడు అన్నీ అడిగాడు. ఊరూరా మారుమోగిన ఆ కథల్లో ఒక్కటి మాత్రం ఎవరూ అడిగినట్టు కనపడదు. అయ్యా నాజరూ, పల్నాడు చెప్పావు, బొబ్బిలి చెప్పావు, మన్యం చెప్పావు, మీ పొన్నెకల్లు దూదేకుల ఇంటి సంగతేంటి?

ఆయన ఆ ప్రశ్నకి జవాబు చెప్పాడు. అది పాటలో చెప్పలేదు. ముసలితనంలో, వచనంలో, ఆయన చెబుతుంటే మరొకరు రాసుకున్న ఆత్మకథలో చెప్పాడు. ఆ పుస్తకానికి పెట్టిన పేరు 'పింజారి'. పింజారీ అన్నది తెలుగులో తిట్టు. సినిమాల్లో విలన్‌ని తిట్టేది, బడిలో పిల్లలు పిల్లల్ని తిట్టేది, పేరున్న రచయితల కథల్లో కూడా అలవోకగా దొర్లేది. పత్తిని పింజలుగా విడదీసేవాడి పనిపేరు అది. నేను ఎనిమిదో తరగతిలో వున్నప్పుడు ఒక మాస్టారు లెక్క తప్పు చేసిన పిల్లాణ్ని ఆ మాటతో తిట్టి, నేను గుర్తొచ్చి, నీ గురించి కాదులేరా అన్నాడు. ఆ తిట్టుని నాజర్ అట్టమీద పెద్దక్షరాలతో తన పేరుగా వేసుకున్నాడు. జీవితమంతా తాళంలో నడిచిన మనిషి తన సొంత పేరు చెప్పుకోవడానికి తాళం వదిలి వచనంలోకి రావాల్సి వచ్చింది. నాకు ఇది తెలుగు సాహిత్య చరిత్రలో చాలా పెద్ద సంఘటన. విమర్శకులకి అది సంఘటనగా కనపడలేదు.

ఆయన ఎందుకు పాటలో చెప్పలేకపోయాడు? పార్టీ అడగలేదు అనొచ్చు. వీరగాథకి వీరుడు కావాలి, దూదేకులవాడికి కోట లేదు అనొచ్చు. రెండూ కొంత నిజం. నాకు తోచే కారణం ఇంకోటి వుంది. తెలుగులో వున్న ప్రతి బాణీలోనూ అప్పటికే ఎవరో కాపురం వున్నారు. ఈ వరసలో రాముడున్నాడు, ఆ వరసలో బాలచంద్రుడున్నాడు. వరస ఎత్తగానే వినేవాడి మనసు ఆ ఇంటికే పోతుంది. కొత్తవాణ్ని ఆ ఇంట్లోకి తీసుకుపోవాలంటే ముందు పాతవాడి పోలిక చెప్పాలి. అల్లూరికి అది సాగింది. పత్తి ఏకే మనిషికి ఏ పోలిక తెస్తాం?

దూదేకే విల్లు మోత మీలో ఎంతమంది విన్నారో నాకు తెలియదు. మనిషంత పొడుగున్న విల్లు, నరంతో బిగించిన నారి, కొయ్యపిడితో దాన్ని కొడితే పత్తి మీద నారి వణికి పింజలు లేస్తాయి. ఆ మోతకి ఒక గతి వుంది. గట్టిగా ఒకటి, మెల్లగా రెండు, మళ్లీ గట్టిగా ఒకటి. మా పెదనాయన రోజంతా ఆ గతిలో వుండి, సాయంత్రానికి మాట్లాడినా ఆ గతిలోనే మాట్లాడేవాడు. ఈ గతిని ఏ తెలుగు ఛందశ్శాస్త్రమూ లెక్కలోకి తీసుకోలేదు. దంపుళ్ల పాట వుంది, నాట్ల పాట వుంది, పడవ పాట వుంది, అన్నిటికీ ఏరిన పుస్తకాలున్నాయి.

ఉర్దూ వచ్చిన మన సోదరులకి ఈ బాధ వుండదనుకునేవాణ్ని. వాళ్లకి ముషాయిరా వుంది కదా. అక్కడ కవిత చదివే పద్ధతులు రెండు. రాగం తీసి చదివితే తరన్నుమ్, మాటని మాటగా చదివితే తహతుల్ లఫ్జ్. రెంటికీ సమాన గౌరవం. మొదటి మిస్రా చదివి కవి ఆగుతాడు, మళ్లీ చదువుతాడు, రదీఫ్ ముందొచ్చే కాఫియా ఏమై వుంటుందా అని సభ చెవులు రిక్కిస్తుంది. కొన్నిసార్లు కవికంటే ముందే సభ ఆ మాట అనేస్తుంది. ముకర్రర్ అంటే మళ్లీ చదవాలి. అంటే వినేవాడికి కూడా ఆ రచనలో వంతు వుంది, బుర్రకథలో తందానకి వున్నట్టే. మఖ్దూం మొహియుద్దీన్ని మెదక్ జిల్లా నుంచి లేపి తెలంగాణ పోరాటపు కవిని చేసింది ఆ సభ కూడా.

అయితే ఆ ఇంట్లోకి మా బోటి వాళ్లకి ప్రవేశం లేదు. దూదేకులోడికి ఉర్దూ రాదు, వాడేం ముసల్మాను అనే మాట మసీదు మెట్ల మీద నేను స్వయంగా విన్నాను. అక్కడ మాట రాదని వేరు, ఇక్కడ మతం వేరని వేరు. మా విస్తరి ఎక్కడైనా వేరే.

మరి గజల్ తెలుగులోకి వచ్చింది కదా అంటారు. వచ్చింది. దాశరథి తెచ్చాడు, గాలిబ్‌ని కూడా తెచ్చాడు. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సినారె రాసి, స్వయంగా పాడి సభల్ని ఊపాడు. ఇద్దరికీ ఉర్దూ మీద వున్నది నిజమైన ప్రేమ. కానీ ఆ గజల్ తెలుగులోకి వచ్చేటప్పుడు రదీఫ్ తెచ్చుకుంది, కాఫియా తెచ్చుకుంది, మనుషుల్ని తెచ్చుకోలేదు. గురులఘువుల లెక్క రెండు భాషల్లోనూ వున్నా, బెహర్‌ని వదిలి చాలావరకు మాత్రాగతుల్లో సర్దుకుంది. దాన్ని నేను తప్పుపట్టను, ఏ చెట్టయినా నేలని బట్టి పెరుగుతుంది. నా ఫిర్యాదు ఒకటే. గజల్ పుట్టింటి మనుషులు హైదరాబాదు పాతబస్తీలో, కర్నూలులో, కడపలో కళ్లెదురుగా వుండగా, వాళ్ల బతుకు ఒక్క షేర్‌లో కూడా కనపడనంత శుభ్రంగా ఆ రూపాన్ని దిగుమతి చేసుకోవడం ఎట్లా సాధ్యమైంది? షేర్వానీ నచ్చింది, తొడుక్కున్నారు. కుట్టినవాడి పేరు అడగలేదు.

ఇంత జరిగాక 1990లలో మావాళ్లు రాయడం మొదలుపెట్టినప్పుడు పాట వైపు పోకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది, బాబ్రీ కూలకముందే. దీర్ఘకవిత, పూర్తిగా వచనంలో. దేశవిభజన నేరాన్ని పుట్టుకతోనే ఒంటిమీద మోస్తున్న మనిషి మాట అది. 1998లో 'జల్‌జలా' సంకలనం. అందులోనూ వచనమే ఎక్కువ. అప్పుడు విమర్శకులు అన్నారు: కోపం వుంది, కవిత్వం ఏది? లయ ఏది? నినాదాలు కదా ఇవి?

వాళ్లకి చెప్పాల్సిన జవాబు వుంది. బాణీ మాటని గట్టిపరుస్తుంది. గట్టిపడ్డ మాట రాసినవాడి చేతిలో వుండదు. బండి యాదగిరి కట్టిన పాట చూడండి. నైజాం సర్కారు మీద, దొరల మీద కట్టిన గొప్ప పాట. ఆ పోరాటంలో మావాళ్లూ చచ్చారు. విసునూరు దొర మీద నిలబడి షేక్ బందగీ 1940లో ప్రాణమిచ్చాడు. రజాకార్లని ఎదిరించి రాసినందుకు పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948లో హతమయ్యాడు. ఇవి చరిత్ర చదివినవాడికి తెలుసు. కానీ సభలో ఆ పాట ఎత్తుకుని వేలమంది వంత పాడుతుంటే, నైజాం అన్నచోట పక్కవాడి చూపు నా గడ్డం మీదికి ఎందుకు వస్తుంది? పాటలో ఆ తప్పు లేదు. కానీ పాట ఆగి, సర్కారు వేరు, సర్కారు మతంలో పుట్టిన రిక్షావాడు వేరు అని చెప్పదు. చెబితే తాళం చెడుతుంది. వచనం ఆగుతుంది. అయితే, కానీ, అట్లా కాదు అని అనగలుగుతుంది. ఎప్పుడూ అనుమానించబడే మనిషికి ఆ మూడు మాటలు కావాలి. అందుకే మావాళ్లు లయ తెలియక వచనంలోకి రాలేదు. పాడినంతకాలం తలలూపినవాళ్లని ఒక్కసారి తలెత్తి చూసేట్టు చెయ్యాలనుకున్నారు.

ఇక్కడిదాకా నేను మావాళ్ల తరఫున మాట్లాడాను. ఇప్పుడు మావాళ్లతోనే పేచీ.

మా కవిత్వం మా అమ్మలకి చేరలేదు. నా మొదటి కవిత అచ్చయినప్పుడు అమ్మమ్మకి చదివి వినిపించాను. అంతా విని, బాగుందిరా, ఇంతకీ పాట ఎప్పుడు మొదలవుద్ది అంది. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రాదు. ఆమెకి వచ్చిన సాహిత్యమంతా పాటే. పీర్ల పండగకి అలావా చుట్టూ తిరుగుతూ పాడేవి, తెల్లవార్లూ. అచ్చ తెలుగులో కర్బలా. యూఫ్రటీసు అక్కడ ఏరవుతుంది. హుసేన్ దాహం మా ఊరి ఎండాకాలం దాహం అవుతుంది. పెళ్లికొడుకుగానే యుద్ధానికి పోయాడని చెప్పుకునే ఖాసిం, దుల్హా నుంచి దూలా అయి, ప్రతి ఊళ్లో చచ్చిపోయిన పడుచు మగపిల్లవాడవుతాడు. కొడుకు పోయిన ఆడమనిషి, మాదిగపల్లెదయినా మా వీధిదయినా, ఆ చరణం దగ్గర గొంతు పూడిపోయి ఆగేది. డప్పు ఆగేది కాదు. డప్పు ఆగకపోవడం వల్లే ఆమె మళ్లీ అందుకోగలిగేది. శోకాన్ని మోసే పని తాళానిది. మా వచన కవితలో శోకం వస్తే కవి ఒక్కడే మోసుకుంటాడు.

తెలుగులో, ముస్లిం కథ మీద, దళితులూ బీసీలూ ముస్లింలూ కలిసి కట్టుకున్న ఇంత పెద్ద సాహిత్యం వుండగా మేం మా సాహిత్యం 1990లలో మొదలైందని ఎట్లా అనుకున్నాం? జానపద పరిశోధకులు దాన్ని భక్తి గేయాలు అనే సంచిలో వేశారు. అఫ్సర్ అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప మీద ఏళ్ల తరబడి పనిచేసి 2013లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాడు. అట్లాంటి పని తెలుగులో జిల్లాకొకటి రావాలి. మా మతపెద్దలు మాత్రం పీర్లు బిద్అత్ అన్నారు, డప్పు హరామ్ అన్నారు, అలావా గుంటలు పూడ్పించారు. సంస్కరణ పేరుతో వచ్చినవాళ్లు మా అమ్మమ్మ నోటిలోని కావ్యాన్ని పాపం అని చెబితే, ఆమె నమ్మి, చివరి పదేళ్లు పాడటం మానేసింది. ముస్లిం రచయితలం బయటివాళ్ల మీద రాసినంత పదునుగా ఈ దోపిడీ మీద రాయలేదు. నేనూ రాయలేదు. భయమే, ఇంకేం లేదు.

సంగీతం ఇస్లాంకి పరాయిదని ఖరాఖండిగా చెప్పేవాళ్లని చూస్తే జాలి. చిష్తీ సూఫీలు సమాని సాధనగా భావించారు. బీజాపూరు సూఫీల దగ్గర పుట్టిన దక్కనీ పాటల్లో చక్కీనామాలున్నాయి, చర్ఖానామాలున్నాయి. తిరగలి తిప్పే ఆడవాళ్లు, రాట్నం వడికే ఆడవాళ్లు పాడుకునేందుకు కట్టినవి. రిచర్డ్ ఈటన్ 1978 నాటి తన పుస్తకంలో, దక్కన్ పల్లెల్లో ఇస్లాం మాటలు ఇంటింటికీ పోయింది ఈ తిరగలి పాటల మీద కూడానని వివరించాడు. తిరగలి పిడి అల్లా పేరులోని అలిఫ్ అక్షరం అవుతుంది. చదువురాని ఆడమనిషి చేతిలో అక్షరం పనిముట్టు అవుతుంది. పని గతి, పాట గతి, మాట గతి ఒకటే. అట్లా కట్టగలిగినవాళ్ల వారసులం విల్లు మోత మీద ఒక్క పాట కట్టలేకపోయాం.

ఒక సభలో ఈ మాట అంటే మాలో పెద్ద కవి ఒకాయన, పాట జనాన్ని నిద్రపుచ్చుతుంది తమ్ముడూ, మనం లేపడానికి వచ్చాం అన్నాడు. గౌరవంగానే విభేదిస్తున్నాను. నిద్రపుచ్చేదీ లేపేదీ బాణీలో వుండదు. సహర్ వేళ డప్పు కొట్టుకుంటూ రంజాన్ నెలంతా వీధిలో తిరిగి మమ్మల్ని లేపిన ఫకీరు పాడుతూనే లేపాడు.

అమ్మమ్మ పోవడానికి రెండేళ్ల ముందు, బతిమాలి బతిమాలి, తలుపులు వేసి, ఒక పీర్ల పాట రాసుకున్నాను. ఆమె పాడుతుంటే రాయడం కుదరలేదు. ఆగమంటే ఆగేది, మళ్లీ అందుకోమంటే చరణం గుర్తొచ్చేది కాదు. మొదటి నుంచీ పాడితేగానీ వచ్చేది కాదు. అట్లా పదకొండుసార్లు మొదటి నుంచీ పాడింది. మాటల్ని మాటలుగా చెప్పవే అంటే, మాటలు నాకేడ తెలుసురా, అవి పాటలో వున్నాయి అంది. ఆ నోటుబుక్కులో మూడుచోట్ల ఖాళీలు మిగిలాయి. ఖాసిం చావు దగ్గర ఒకటి, గుడారాలు తగలబడే చోట రెండు. అమ్మమ్మతో పాటు అలావా తిరిగినామె ఒకామె మాదిగపల్లెలో ఇంకా వుందని మొన్న మా చిన్నమ్మ చెప్పింది. చూపు లేదట, గొంతు వుందట. పీర్లు లేచే రోజుకి ఊరు పోతున్నాను.